హెర్క్యులెస్ ఇచ్చిన సగం చోటు

సంపత్‌కు ఒళ్లు మండిపోయింది. ఎవరైనా తనను ఏమన్నా పడతాడు గానీ, తన కంప్యూటర్‌లోని హెర్క్యులెస్ కార్డును అంటే ఊరుకుంటాడా?

"పొద్దంత ఆ తెర దిక్కు సూస్తే లోకమంత పచ్చకామెర్లు వచ్చినట్టు కనబడ్తాంది, సంపత్ గారు," అంది స్వరూప, నీళ్లు కారుతున్న గొడుగును తలుపు మూలకు ఆనిస్తూ. "ఒక్కటే పసుపు రంగు."

"రంగు లేకపోతేంది? అడ్డం ఏడువందల ఇరవై చుక్కలు, నిలువు మూడువందల నలభై ఎనిమిది. అక్షరం పడితే ముత్యమే. మీ సీజీఏల ఏమున్నది? అడ్డం మూడువందల ఇరవై, నిలువు రెండువందలు. గీత గీస్తే మెట్ల లెక్క ఉంటది."

"మెట్లయితేంది? నాలుగు రంగుల మెట్లు," అని నవ్వింది స్వరూప.

ఆ నవ్వు ఒకటి. దాన్ని చూస్తే సంపత్‌కు చెప్పాల్సిన మాట సగంలోనే ఎగిరిపోతుంది.

ఎనభై ఎనిమిది వానాకాలం అది. హన్మకొండ చౌరస్తాలో మందుల షాపు మీది అంతస్తులో కిషన్ రావు సార్ కంప్యూటర్ సెంటర్. ఉన్నవి రెండు కంప్యూటర్లు. తెర మీద బొమ్మ వేసే కార్డు ఒకదానిలో హెర్క్యులెస్, రెండోదానిలో సీజీఏ. పట్నంలో అప్పటికే రెండూ పాతబడ్డాయి. హన్మకొండకు మాత్రం రెండూ పెళ్లికూతుళ్లే. సంపత్ ఒకదాని దగ్గర పాఠం చెబుతాడు, స్వరూప రెండోదాని దగ్గర. ఇద్దరూ రోజూ తగవు పడతారు. తగవు లేని రోజు ఇద్దరికీ అన్నం సహించదు, ఆ సంగతి ఒప్పుకుంటే కదా!

ఆ రోజు కిషన్ రావు సార్ వచ్చి చల్లగా బాంబు వేశాడు.

"కాశిబుగ్గ నేతోళ్ల సంఘం ఆదివారం వస్తాంది. కింద పరిచే షత్రంజీ జంపఖానాల డిజైన్లు కంప్యూటర్ల గీయించుకుంటరట. ఎవరి తెర మీద డిజైన్ మంచిగుంటే, కొత్త ల్యాబ్‌ల అన్నీ ఆ కార్డులే. పాఠం చెప్పేటందుకు ఆ ఒక్కరే ఉంటరు. ఇద్దరిని పోషించుడు నాతోని కాదు."

"సంఘం ప్రెసిడెంటు స్వరూప గారి నాయినే గద సార్," అన్నాడు సంపత్.

"వెంకట్రాజమా? షత్రంజీ ముందు నిలబడితే ఆయనకు కన్నబిడ్డ గూడ యాదికి రాదు. ఫికర్ చెయ్యకు."

సాయంత్రం మెట్ల మీద నిలబడి ఇద్దరూ చాయ్ తాగారు. ముందర వాన దంచుతోంది.

"ఓడిపోతే ఏం చేస్తరు?" అడిగాడు సంపత్.

"చేసేదేమున్నది? నాయిన సంబంధాలు చూస్తాండు. కొలువు ఉన్నదని ఆపుకుంట వచ్చిన. మీరు?"

"భీవండి. బొంబాయి దగ్గర మా బావ పవర్‌లూమ్ షెడ్డుల పని."

స్వరూప గ్లాసు పిట్టగోడ మీద పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు.

అయినా విచిత్రం చూడండి, వారమంతా ఇద్దరూ ఒకరికొకరు సాయం చేసుకున్నారు. సంపత్ డైమండు గీస్తే అది నిలువుగా సాగింది. "మగ్గం మీద గూడ గిట్లనే," అని నవ్వింది స్వరూప. "గళ్ల కాగితం మీద సక్కగున్నది నేస్తే సాగుతది. నిలువు పోగు లెక్క వేరు, అడ్డం పోగు లెక్క వేరు. మా నాయిన ముందే తగ్గించి నేస్తడు. మీరు గూడ తగ్గించుండ్రి." తగ్గించాడు, డైమండు కుదురుగా కూర్చుంది. ఆమె తెర మీదేమో నీలం, గులాబీ తప్ప రావడం లేదు. ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చి చూపాడు సంపత్. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు వచ్చి కూర్చున్నాయి. కాశిబుగ్గ షత్రంజీయే అది.

శనివారం సాయంత్రానికి రెండూ చక్కగా ఉన్నాయి. సంపత్ మాత్రం వేరే లెక్కలో పడ్డాడు. తాను గెలిస్తే ఆమెకు పెళ్లి. తాను ఓడితే భీవండి. భీవండి నుంచి ఉత్తరమైనా రాయొచ్చు అనుకున్నాడు పిచ్చివాడు.

ఆదివారం పొద్దున వెంకట్రాజం కళ్లద్దాలు తుడుచుకుని రెండు తెరల ముందు నిలబడ్డాడు. సంపత్ తెర వెలిగింది. డైమండు సాగి సాగి దొండకాయ అయింది. స్వరూప తెర వెలిగింది. నీలం, గులాబీ, తెలుపు.

"ఇది షత్రంజీయా, పిప్పరమెంట్ల డబ్బానా?" అన్నాడు వెంకట్రాజం.

కిషన్ రావు సార్ ముఖం మాడిపోయింది.

"నిన్న గిట్ల లేదు పెద్దయ్యా," సంపత్ ముందుకొచ్చాడు. "ఎరుపు, ఆకుపచ్చ మంచిగ వచ్చినయి. నేనే చూసిన. ఆ అంకె ఎవరో మార్చిన్రు."

"ఆయన డైమండు గూడ నిన్న కుదురుగున్నది నాయినా," అంది స్వరూప. "నా కండ్లతోని చూసిన. తగ్గించిన లెక్క ఎవరో తీసేసిన్రు."

ఎవరో అంటే ఎవరో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"అంకె నువ్వే మార్చినవా?" సంపత్ నోట 'మీరు' ఎటో పోయింది.

"మీరు భీవండి పోవద్దని. మరి మీరు?"

"నీ కొలువు పోవద్దని."

"బాగున్నది," అన్నాడు కిషన్ రావు సార్ నెత్తి పట్టుకుని. "ఓడేటందుకు పోటీ పడ్డరు ఇద్దరు కలిసి. ఇగ నేనేం కొనాలె?"

"రెండు కొనుండ్రి సార్," అంది స్వరూప. "పోగుల లెక్క సన్నగ కనబడాలంటే హెర్క్యులెస్ కావాలె, రంగుకు సీజీఏ కావాలె. రెండు ఒక్క డబ్బాలనే పడ్తయి. హెర్క్యులెస్ తన మెమరీల సగం చోటు ఇడిచిపెట్టాలె, అంతే. పుస్తకంల రాసున్నది. సంపత్ గారికి గూడ ఎరుకే. పౌరుషానికి చెప్పలే."

సంపత్ సిగ్గుపడుతూ స్క్రూడ్రైవర్ తీశాడు. డబ్బా మూత ఎత్తి ఇద్దరూ తలలు లోపలికి వంచారు. రెండు కార్డులు పక్కపక్కన దిగాయి.

"స్వరూపా, నువ్వంటే నాకు పానం," అన్నాడు మెల్లగా, డబ్బాలోకే.

"ఎరుకే. ముందు ఆ స్క్రూ బిగించు," అందామె. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

స్విచ్ వేస్తే రెండు తెరలూ వెలిగాయి. ఒకదాని మీద గీతలు, ఇంకోదాని మీద రంగులు. వెంకట్రాజం చాలాసేపు షత్రంజీని చూశాడు. తర్వాత సంపత్‌ను చూశాడు, షత్రంజీ చూసినట్టే, అంచు నుంచి అంచు దాకా.

"మీది హసన్‌పర్తి గద పిలగా. మీ నాయిన పేరేంది?"

ఏడువందల ఇరవై, మూడువందల నలభై ఎనిమిది నిద్రలో కూడా చెప్పే సంపత్‌కు కన్నతండ్రి పేరు నోటికి రాలేదు.

"మొండయ్య నాయినా," అంది స్వరూప. "ఇంటిపేరు దాసి. మనోళ్లే."

వెంకట్రాజం కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అన్ని తెలుసుకునే పెట్టుకున్నవు. ఇగ నేను సంబంధాలెందుకు చూడాలె బిడ్డా, వాన తగ్గినంక హసన్‌పర్తి పోయొస్త."