బుజ్జి వీపు మీద మూటలు

పోలి పాడ్యమి మర్నాడు. చద్దన్నం, చింతకాయ పచ్చడి తిని చెయ్యి కడుక్కుంటున్న సత్యకుమారి తల ఎత్తేసరికి, గాడిద బుజ్జి గుమ్మం ముందు నిలబడి ఉంది. దాని వీపు మీద మాసిన బట్టల మూటలు. తోలుకొచ్చిన మనిషి లేడు.

భర్త గంగయ్య పోయి నెల కాలేదు. ఇన్నాళ్లూ మొగల్తూరు ఇళ్ల నుంచి కాలువ రేవుకి మూటలు మోసింది బుజ్జే. మూట ఎత్తాక గంగయ్య దాని వీపు మీద మెల్లగా రెండుసార్లు తట్టేవాడు. అప్పుడే కదిలేది. ఆయన పోయాక కొడుకు రాజేంద్ర అదిలించాడు, కర్రతో కొట్టాడు. అడుగు వెయ్యలేదు. గాడిదలు కొనే మనిషికి కబురు పెడితే, అతను రేపు వస్తానన్నాడు.

బట్టల మీది గుర్తులు చూసి ఎవరి ఇళ్లవో సత్యకుమారి చెప్పింది. ఎలా వచ్చాయో చెప్పలేకపోయింది.

రాజేంద్ర ముఖం పాలిపోయింది. "నాన్నే తోలుకొచ్చాడమ్మా. దీన్ని పంపించేద్దాం. నాకు భయంగా ఉంది."

"బతికున్నప్పుడు ఎప్పుడైనా భయపెట్టాడేంట్రా నిన్ను?" అందామె. "ఇది పోతే మూటలు నా మోకాళ్లు మోస్తాయా? రేవు మానేసి ఏం తింటాం?"

మర్నాడు తెల్లవారుతూనే బుజ్జి తనంతట తానే బయల్దేరింది. మంచులో దాని డెక్కల చప్పుడే దారిగా రాజేంద్ర వెనకాలే నడిచాడు. మేష్టారింటి ముందు అది ఆగింది. తలుపు తెరుచుకుని తెల్లటి ఆకారం బయటికొచ్చింది. రాజేంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు.

మేష్టారి భార్య సీతారామలక్ష్మిగారు, చలికి తెల్ల శాలువా కప్పుకుని. మూట వీపు మీద సర్ది, మెల్లగా రెండుసార్లు తట్టారు. బుజ్జి కదిలింది.

"మీ నాన్న చేస్తుంటే రోజూ చూసేదాన్నయ్యా," అన్నారావిడ. "పాపం, నిన్న వేళకి వచ్చి నిలబడింది. వట్టి వీపుతో ఎలా పంపను? మీ అమ్మకి పని ఉండాలి కదా. పక్కిళ్లవాళ్లకీ అదే చెప్పాను."

"మేం కొట్టామండి దాన్ని," అన్నాడు రాజేంద్ర.

మధ్యాహ్నం వచ్చిన బేరగాణ్ణి వాకిట్లోంచే పంపేశాడు.

సాయంత్రం రేవులో ఉతికిన బట్టలు బుజ్జి మీదికి ఎత్తి, తట్టబోయి చెయ్యి లేపాడు. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాని వీపు మీద మెల్లగా రెండు చప్పుళ్లు. బుజ్జి నడిచింది. రాజేంద్ర వెనక్కి చూడలేదు. ఈసారి భయమూ వెయ్యలేదు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బుజ్జి పాకలోకి వెళ్లాక, ఆమె ఇంకెవరో లోపలికి రావలసి ఉన్నట్టు కాసేపు ఆగి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.