వేవ్‌గైడ్ మీద బొట్టు

ఫణిభూషణ్‌ను చంపిన లారీకి నంబర్ ప్లేట్ లేదు. శామీర్‌పేట చెరువు దగ్గర, పట్టపగలు, స్కూటర్ మీద పోతున్న మనిషిని వెనక నుంచి గుద్దింది. ఆగింది. రివర్స్ చేసి మళ్ళీ తొక్కించి వెళ్ళిపోయింది. పోలీసులు దాన్ని రోడ్డు ప్రమాదమని రాసి చేతులు దులుపుకున్నారు.

"రివర్స్ గేర్ల ప్రమాదమెట్ల అయితది సార్?" ఏజాజ్ అడిగాడు.

సుచిత్రలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. బయట ట్యూషన్ సెంటర్ బోర్డు. లోపల టేబుల్ వెనక ఇంటెలిజెన్స్ చీఫ్ రఘునందన్. ఏజాజ్ ఆయన దగ్గర ఫీల్డ్ ఏజెంట్. చనిపోయిన ఫణి ఇంజినీరు, ఏజాజ్‌కు ప్రాణ స్నేహితుడు, పైగా అతన్ని ఈ ఆపరేషన్‌లోకి లాగింది ఏజాజే. అందుకే ఆ ఉదయం నుంచి అతని పిడికిళ్ళు విప్పుకోలేదు.

"ఆ సంగతి తర్వాత చూద్దాం. ఫణి ఆఖరి మెసేజ్ ఏమిటి?"

"పెసరట్టు మాడింది."

అది కోడ్. సరుకులో మోసం జరిగిందని అర్థం.

సరుకంటే అప్‌కన్వర్టర్లు. మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఫణి పనిచేసిన చిన్న కంపెనీ సైన్యం కోసం వాటిని తయారు చేసింది. అప్‌కన్వర్టర్ చేసే పని చెప్పుకోవడానికి సులువే. మాటను మోసే సిగ్నల్ తక్కువ ఫ్రీక్వెన్సీలో పుడుతుంది. దాన్ని మిల్లీమీటర్ వేవ్ అనే చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ దాకా పైకెక్కించి గాల్లోకి వదలాలి. అలా ఎక్కించేటప్పుడు కావలసిన సిగ్నల్‌తో పాటు అక్కర్లేని జంట సిగ్నల్ ఒకటి పుడుతుంది. పెట్టెలోని ఫిల్టర్ దాన్ని అక్కడే చంపేయాలి. చంపకపోతే ఆ జంట సిగ్నల్ బయటికి పోయి, పెట్టె ఏ కొండ మీద ఉందో శత్రువుకు చెప్పేస్తుంది. ఇక గంట తిరక్కుండా అక్కడ షెల్స్ పడతాయి.

మొదటి పెట్టెలు వెళ్ళేది ఏజాజ్ తమ్ముడు ఇనాయత్ డ్యూటీ చేసే సరిహద్దు పోస్టుకు. వాడు సైన్యం సిగ్నల్స్ విభాగంలో ఆపరేటర్. ఆ పెట్టె పక్కనే కూర్చుంటాడు, ఆ పెట్టె పక్కనే నిద్రపోతాడు.

"సరుకు క్లీన్," అన్నాడు రఘునందన్. "శ్రీదివ్య రిపోర్ట్ ఇచ్చింది. ప్రతి యూనిట్‌నూ తన చేతులతో టెస్ట్ చేసిందట."

శ్రీదివ్య పేరు డిపార్ట్‌మెంట్‌లో తెలియనివాళ్ళు లేరు. విదేశీ ముఠాలో మనం నాటిన మనిషి. వాళ్ళ పార్టీల్లో తిరుగుతుంది, వాళ్ళ రహస్యాలు మనకు చేరవేస్తుంది. ఆ కంపెనీలో మిల్లీమీటర్ వేవ్ కన్సల్టెంట్‌గా ఆమెను కూర్చోబెట్టింది కూడా రఘునందనే.

"సచ్చిపోయినోని మాట కంటె ఆమె మాటే ఎక్కువైందా సార్?"

"గొంతు తగ్గించు. ఆమె నా ఏజెంట్."

"ఫణి నా దోస్తు."

రఘునందన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సాయంత్రం ఫ్లైట్. లారీ డ్రైవర్ వేషంలో వెళ్ళు. సరుకు ఎయిర్‌ఫీల్డ్‌కు చేర్చు. కళ్ళు తెరిచి ఉంచు. సాక్ష్యం లేకుండా బండి ఆపావంటే మాత్రం నీ ఉద్యోగం ఉండదు."

ఉద్యోగం! తమ్ముడి ప్రాణానికి ఎదురుగా ఉద్యోగాన్ని తూకం వేసే మనిషికి ఏం చెబుతాం? ఏజాజ్ తలుపు గట్టిగా వేసి బయటికొచ్చాడు.

ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు, చెవి వెనక బీడీ. ఏజాజ్‌కు ఈ వేషం కట్టడం కష్టం కాలేదు. వాళ్ళ నాయిన రావల్కోల్ నుంచి మార్కెట్‌కు కూరగాయల లారీ నడిపినవాడే. డ్యాష్‌బోర్డ్ మీద పాత ఎఫ్ఎం రేడియో ఒకటి బిగించి ఉంది. నిజానికి అది స్పెక్ట్రమ్ ఎనలైజర్. దగ్గర్లో ఏ సిగ్నల్ ఉన్నా తెర మీద గీతగా చూపిస్తుంది. కానీ పెట్టెలన్నీ ఆఫ్‌లో ఉన్నాయి కాబట్టి తెర ఖాళీగా ఉంది.

కంపెనీ ఆవరణలో ఎండ మండిపోతోంది. సరుకు ఎక్కించడం అయిపోయింది. తొలి లోడ్ కదా, పూజ చేయకుండా కదలనివ్వరు. టేబుల్ మీద ఒక అప్‌కన్వర్టర్‌ను పెట్టి బంతిపూల దండ వేశారు. సెక్యూరిటీ గార్డు గాలయ్య లారీ ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు.

"డ్రైవర్ సాబ్, ముంగట సార్లు మొక్కుతరు. నేను టెంకాయ కొట్టంగనే జల్దీ పోనియ్యాలె. ఆగొద్దు, మంచిది గాదు," అన్నాడు.

"నువ్వు కొట్టు కాకా, నేను పోనిస్త."

అప్పుడు వచ్చింది శ్రీదివ్య. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, చిన్న నవ్వు. ఎండీ గారు స్వయంగా ఎదురెళ్ళి పూజ పళ్ళెం ఆమె చేతికిచ్చాడు.

"మీ చేతుల మీదుగా కానివ్వండి మేడం. టెస్ట్ చేసింది మీరే కదా."

"అయ్యో, నాదేముందండీ, పాపం ఫణి గారి కష్టం," అంది శ్రీదివ్య. ఆ 'పాపం' విని ఏజాజ్ చెవి వెనక బీడీ తీసి పళ్ళ మధ్య కొరికి పట్టుకున్నాడు.

ఆమె కుంకుమ వేలికి అద్దుకుంది. పెట్టె చుట్టూ ఒకసారి చూసింది. ముందు వైపున్న ఎర్ర ప్లాస్టిక్ మూత లాగేసింది. దాని కింద అగ్గిపుల్ల దూరేంత చిన్న చదరపు నోరు. దాన్నే వేవ్‌గైడ్ అంటారు, సిగ్నల్ బయటికి వచ్చేది అందులోంచే. సరిగ్గా దాని మీద నిండుగా బొట్టు పెట్టింది.

"బొట్టు ముఖానికే కదా పెట్టాలి," అని నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఏజాజ్ బీడీ కింద పడింది.

పోయిన దసరాకు ఫణి అతనికి ఫోన్ చేసి అరగంట తిట్టాడు. ఏజాజ్‌ను కాదు, వాళ్ళ ఎండీని. ఆయుధపూజ అని ఆయన కుంకుమ పట్టుకుని వేవ్‌గైడ్ దగ్గరికి వచ్చాడట. 'రవ్వంత పొడి లోపలికి పోతే సిగ్నల్ సర్వనాశనం అయిపోద్దిరా! ఈ పని చేసేవాడెవడూ టెస్ట్ బెంచ్ మీద తప్ప ఆ మూత తియ్యడు. బొట్టు కావాలంటే హ్యాండిల్‌కి పెట్టుకోమన్నాను. నేనైతే పాసైన పెట్టెకే పెడతాను, అదీ హ్యాండిల్‌కే,' అన్నాడు. ఎండీ గారు ఆ సంగతి అప్పుడే మరిచిపోయినట్టున్నారు.

అన్ని పెట్టెలనూ తన చేతులతో టెస్ట్ చేసిన మనిషి ఇలా చేస్తుందా? చేయదు. చచ్చినా చేయదు. ఈమె ఈ పెట్టెలను ముట్టుకుని కూడా ఎరగదు. ఏజాజ్ లారీలోకి చూశాడు. ఎక్కించిన పెట్టెల్లో ఒక్కదాని హ్యాండిల్‌కైనా బొట్టు లేదు.

క్యాబిన్ ఎక్కి ఫోన్ తీశాడు. "సార్, సరుకు మారింది. శ్రీదివ్య అటు మనిషి."

"సాక్ష్యం?"

"బొట్టు తప్పు జాగల పెట్టింది."

ఫోన్‌లో రఘునందన్ అరిచాడు. "పిచ్చెక్కిందా? ఫ్లైట్ వెయిటింగ్. మూవ్!"

బయట టెంకాయ పగిలింది. "పోనియ్!" అని గాలయ్య చేయి ఊపాడు. ఇంజన్ ఆన్‌లో ఉంది. గేర్ పడింది. టైర్లు నిమ్మకాయల మీదికి ఎక్కబోతున్నాయి. పెట్టె పక్కన ముసుగు తన్ని పడుకున్న ఇనాయత్ కళ్ళముందు కనిపించాడు.

ఏజాజ్ బ్రేక్ గట్టిగా తొక్కిపట్టాడు.

"గిదేంది! ఆగొద్దంటి గదా!" గాలయ్య లబోదిబోమన్నాడు.

ఏజాజ్ కిందికి దూకి, వెనక నుంచి ఒక పెట్టె లాగాడు. సరిహద్దులో ఇవి నడిచేది బండి బ్యాటరీ మీదే. లారీ బ్యాటరీకి వైర్లు తగిలించాడు.

"ఏయ్ డ్రైవర్, ముట్టుకోకు!" శ్రీదివ్య గొంతులో నవ్వు పోయింది. "ఎవరో ఒకరు ఆపండి వాణ్ణి!"

ఏజాజ్ సెల్ఫ్ టెస్ట్ బటన్ నొక్కాడు. డ్యాష్‌బోర్డ్ మీద రేడియో కీచుమంది. ఒక్క గీత ఉండాల్సిన తెర మీద రెండు గీతలు లేచాయి. రెండోదే చంపాల్సిన జంట సిగ్నల్. హాయిగా బతికి ఉంది.

"జూడుండ్రి! నా దోస్తు పానం తీసింది గీ గీత కోసమే!" అతని అరుపుకు షెడ్డు మారుమోగింది. "నా తమ్మున్ని గూడ చంపుతుండె!"

శ్రీదివ్య అప్పటికే కారులో ఉంది. వెనక గేటు తెరిచే ఉంది. కారు అటు దూసుకుపోయింది. ఏజాజ్ ఒక్క ఉదుటున క్యాబిన్ ఎక్కి, రివర్స్ గేర్ వేసి, లారీని వెనక గేటుకు అడ్డంగా తోసేశాడు. కారు బ్రేకులు కీచుమన్నాయి గానీ సరిపోలేదు. లారీ వెనక భాగంలోకి ముక్కు దూర్చి ఆగిపోయింది. గాలయ్య వెళ్ళి, విరిగిన చేయి పట్టుకుని ఏడుస్తున్న మేడం పక్కన లాఠీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె ఫోన్‌లో దొరికిన అడ్రసు అత్వెల్లి దాటాక ఒక మూతపడ్డ కోళ్ళఫారం. అసలు పెట్టెలు అక్కడ గోనెసంచుల కింద ఉన్నాయి. నంబర్ ప్లేట్ లేని లారీ కూడా అక్కడే ఉంది, డ్రైవర్‌తో సహా. పెట్టెల హ్యాండిళ్ళ మీద ఎండిపోయిన కుంకుమ బొట్లు. ఫణి పెట్టినవి. ఏజాజ్ ఒక హ్యాండిల్ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత లేచి, అన్నింటినీ తనే లారీకెత్తాడు. ఫ్లైట్ ఆలస్యంగా వెళ్ళింది, కానీ సరైన సరుకుతో వెళ్ళింది.

రఘునందన్ ఎయిర్‌ఫీల్డ్ గేటు దగ్గర ఎదురయ్యాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏజాజ్, ఫణి విషయం... బయటికి పొక్కకూడదు. ఫైల్‌లో రోడ్డు ప్రమాదమనే ఉంచాలి. పైనుంచి ఆర్డర్." తర్వాత మెల్లగా అడిగాడు. "శ్రీదివ్య చేతికి ఏమైందని రాయమంటావ్?"

ఏజాజ్ లారీ తాళాలు ఆయన చేతిలో పెట్టాడు.

"గది గూడ రోడ్డు ప్రమాదమే రాయుండ్రి సార్. రివర్స్ గేర్ల ప్రమాదాలు అయితయని ఇప్పుడు మీరే ఒప్పుకుంటిరి గదా."