జంటపట్టీ

"ఊపిరి మామూలుగా పీల్చుకోండమ్మా. ఇదేం పరీక్ష కాదు," అన్నాడు డాక్టర్ రహమతుల్లా, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే.

పరీక్ష కాదని చెప్పే డాక్టర్లను హైమవతి చాలామందిని చూసింది. కుర్చీ అంచున కూర్చుని, పక్కటెముకల చుట్టూ బిగించిన పట్టీ మీద అరచెయ్యి ఆనించింది. గోడకు అవతలి గదిలో కూతురు స్నిగ్ధ ఉంది. పిల్ల కనిపించదు, వినిపించదు. కానీ ఆ పిల్ల ఛాతీ పొంగినప్పుడల్లా తల్లి పట్టీ మెల్లగా బిగుసుకుంటోంది, తగ్గినప్పుడల్లా వదులవుతోంది.

దాన్నే జంటపట్టీ అంటున్నారు. చూడ్డానికి నడుంనొప్పికి కట్టుకునే బెల్టులా ఉంటుంది. గుడ్డ లోపల సెన్సర్లు, దారాల్లాంటి గాలిగొట్టాలు. ఒకరి ఛాతీ ఎలా కదిలితే, ఎంత దూరాన ఉన్నా రెండోవారి పట్టీ అలాగే కదులుతుంది. ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ. ఉబ్బసం ఉన్న పిల్లలు కంగారుపడితే ఆయాసం ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు దూరాన ఉన్న అమ్మ నిదానంగా పీలిస్తే ఆ నిదానం పిల్లకు అందాలని రహమతుల్లా దాన్ని తయారుచేశాడు.

హైమవతి ఉండేది నిజంగా దూరమే. కాకినాడ తీరం కనిపించనంత లోపల, సముద్రంలో గాలిమరల వేదిక మీద ఇంజనీరు. ఆ ఉప్పుతేమ పిల్లకు పడలేదు. కొండగాలి పడుతుందన్నారని అరకులో బడికి పంపింది. తండ్రి లేని పిల్ల. పంపిన రోజునుంచీ ఆమె ప్రాణం ఆ పట్టీలోనే ఉంది.

స్నిగ్ధ పాలు తాగే వయసులో ఒకసారి పిల్లికూతలు మొదలై, డొక్కలెగురుతూ, ఆసుపత్రికి చేరేలోపు పెదవులు నీలంగా మారిపోయాయి. ఆటోలో ఆ పెదవులు చూసిన తల్లికి అప్పటినుంచీ ఒక అలవాటు పట్టుకుంది. పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టడం, తన ఊపిరి చప్పుడు అడ్డురాకుండా బిగబట్టి వినడం. చెవికి పిల్ల శ్వాస తగిలాకే తను మళ్ళీ పీల్చుకునేది.

ఇప్పుడు చెవి పెట్టడానికి పిల్ల పక్కన లేదు. ఈమధ్య పట్టీ ఉన్నట్టుండి ఆగిపోతోంది. బిగుసుకోదు, వదులవదు. తర్వాత గుక్కతిప్పుకోలేని వాళ్ళలా గబగబా అదురుతుంది. ఫోన్ చేస్తే వార్డెన్ విసుక్కుంటోంది. "మీ అమ్మాయి గంతులేస్తోందండీ. మీరు ఫోన్ చేసినప్పుడల్లా ఆటలోంచి లాక్కొస్తున్నా. నన్ను తిట్టిపోస్తోంది."

హైమవతి నమ్మలేదు. సెలవు పెట్టి వచ్చేసింది. పిల్ల టీసీ తీసుకుని, పెద్దాసుపత్రి ఉన్న ఊళ్ళో తన పెద్దమ్మ ఇంట్లో దింపేద్దామని నిర్ణయం అయిపోయింది. స్నిగ్ధ పొద్దున్నుంచీ ఏడుస్తూనే ఉంది. "ఆ ముసలమ్మ నన్ను మేడ కూడా ఎక్కనివ్వదమ్మా! ఇక్కడ నేను కొండెక్కుతున్నాను." బడిలో అడగబోయే ముందు, పట్టీ ఇచ్చిన డాక్టర్నే ఒక్కసారి అడుగుదామని క్లినిక్‌కు వచ్చారు.

"మీ వేదిక మీద వంట ఎవరు చేస్తారు?" అని అడిగాడు రహమతుల్లా, ఏదో కాలక్షేపానికన్నట్టు.

"ఒరియా ఆయన. చారులో కూడా బెల్లం వేస్తాడండీ. గొడవపడితే, సముద్రమంతా ఉప్పే కదా, నేనింకా వెయ్యాలా అంటాడు."

డాక్టర్ నవ్వాడు. హైమవతికీ నవ్వొచ్చింది. పట్టీ కింద పిల్ల ఊపిరి ఉయ్యాల ఊగినట్టు తగులుతోంది.

"సరే. ఇప్పుడు మీ అమ్మాయి ఎలా పీలుస్తోందో కాస్త శ్రద్ధగా గమనించండి."

ఆమె కళ్ళు మూసుకుంది. ఒళ్ళంతా చెవి చేసుకుంది. పట్టీ ఒకసారి బిగిసింది. వదులైంది. ఆగిపోయింది.

కుర్చీలోంచి లేచిపోయింది. ఆటో, నీలిపెదవులు, హారన్ మోత. "డాక్టర్ గారూ! ఆగిపోయింది! తలుపు తియ్యండి!"

"ముందు మీరు ఊపిరి వదలండమ్మా."

"నా సంగతి కాదండీ, పిల్ల..."

తలుపు దడేలున తెరుచుకుంది. స్నిగ్ధ పరిగెత్తుకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. చేతిలో తన ఇన్‌హేలర్. దాన్ని తెచ్చి తల్లి నోట్లో పెట్టేసింది.

"పీల్చమ్మా! తొందరగా పీల్చు!"

హైమవతికి ఏమీ అర్థం కాలేదు. పిల్ల ఏడుస్తూ డాక్టర్ వైపు తిరిగింది. "అమ్మకు ఉబ్బసం ఎప్పటినుంచండీ? నాకు చెప్పకుండా దాచింది. రోజూ ఆగిపోతోంది. అంత దూరంలో సముద్రంలో ఉంటే నేనేం చెయ్యను? మళ్ళీ మొదలయ్యేదాకా కదలకుండా, ఊపిరి కూడా తియ్యకుండా చూస్తూ కూచుంటున్నా."

రహమతుల్లా స్క్రీన్ వాళ్ళవైపు తిప్పాడు. రెండు గీతలు అలల్లా నడిచి నడిచి ఒకచోట చదునైపోయాయి. తల్లిది ముందు, ఆ వెనకే కూతురిది.

"అమ్మాయికి ఉబ్బసం ఉంది, అది అబద్ధం కాదు. రోజూ వాడే మందు మానకూడదు, ఆ ఇన్‌హేలర్ ఎప్పుడూ సంచీలో ఉండాల్సిందే. ఊపిరి బలం కొలిచే పీక్ ఫ్లో గొట్టం ఊదించి చూశాను, బాగుంది. పిల్లికూతలు లేవు. మీరు కంగారుపడుతున్నది మాత్రం ఉబ్బసం కాదమ్మా. ఆమె ఊపిరి తగులుతుందా అని మీరు మీది బిగబడుతున్నారు. మీది ఆగిందని ఆమె బిగబడుతోంది." గొంతు తగ్గించి అన్నాడు. "నిదానాన్ని మోసుకెళ్తుందని తయారుచేశానిది. భయం దానికంటే తేలిక. ముందే ఎక్కి కూచుంది. రెండు పట్టీలూ నాకిచ్చెయ్యండి."

హైమవతి పట్టీని రెండు చేతులా పట్టుకుంది. "మరి రేపు నిజంగానే ఆయాసం వస్తే నాకెలా తెలుస్తుందండీ?"

"నేను చెప్తానుగా," అంది స్నిగ్ధ.

"చెప్పే ఓపిక లేకపోతే?"

"ఇన్‌హేలర్ తీసుకుంటా. వార్డెన్ ఆంటీకి అన్నీ నేర్పించారు. తిడుతూనే ఆసుపత్రికి తీసుకెళ్తుంది. మరి నీకొస్తే?"

"నాకు లేదే తల్లీ ఉబ్బసం."

"అదే, నాకెలా తెలుస్తుంది?"

ముందు ఎవరు విప్పాలని ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి తల్లే విప్పింది. ఛాతీ మీద ఏ బరువూ లేకపోవడం ఆమెకు ఏదో పారేసుకున్నట్టు అనిపించింది. టీసీ మాట ఎత్తకుండా పిల్లను బడి గేటు దాకా దింపి వచ్చింది.

రెండ్రోజుల తర్వాత వేదిక మీద, డ్యూటీ దిగగానే ఫోన్ చేసింది. తలమీద గాలిమరలు హోరుమంటున్నాయి. అవతల రింగు పోతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు. చెయ్యి దానంతటదే పక్కటెముకల మీదికి పోయింది. అక్కడ పట్టీ ఒత్తిన గుర్తు తప్ప ఇంకేమీ లేదు.

"హలో అమ్మా!"

రొప్పుతోంది పిల్ల. హైమవతి బిగుసుకుపోయి, ఫోన్ చెవికి అదుముకుని వింది. కూత ఉందా? లేదా? గాలి హోరులో తెలియడం లేదు.

"కొండ దిగి పరిగెత్తుకొచ్చా, అందుకే. బాగానే ఉన్నా." మాట ఆగింది. తర్వాత గొంతు సన్నబడింది. "అమ్మా? మాట్లాడవేం? ఊపిరాడుతోందా నీకు?"

జవాబు చెప్పాలంటే ముందు ఊపిరి వదలాలి.

వదిలింది. "ఆడుతోందే," అంది.