ముల్లు తీసిన ఉత్తరాలు

పడవ పక్కచెక్కకు రెండో పూత నీలం రంగు వేస్తుండగా, జోగయ్య నడుముకు కట్టుకున్న మృదుపలక సన్నగా అదిరింది. చేతులు గుడ్డకు తుడుచుకొని చూశాడు. పడవ యజమాని కోటేశు రాసిన మాటలు మెరిశాయి.

"జోగయ్య తమ్ముడూ, నీ పనిలోని నిదానం చూస్తే ముచ్చటేస్తోంది. నా పడవ కూడా సముద్రాన్ని చూడాలని ఉవ్విళ్ళూరుతోంది."

జోగయ్య నవ్వుకున్నాడు. ఇంకా ఎన్నాళ్ళు నానుస్తావని కోటేశు నోటికొచ్చినట్టు తిట్టి ఉంటాడు. ఆ తిట్టు దారిలోనే ఎక్కడో ముచ్చటగా మారిపోయింది.

కళింగపట్నం తీరంలోనే కాదు, ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. మనుషులు ఒకరికొకరు రాసుకొనే ప్రతి మాటా మృదుపలక గుండానే వెళ్ళేది. చదివేవాడి వేలికొసల నుంచి అది నాడిని పట్టేది. ఏ మాటకు గుండె అదురుతుందో నేర్చుకొని, ఆ మాట తీసేసి మరొకటి పెట్టేది. అదీ పంపినవాళ్ళ చేతిరాతలోనే. 'ముల్లు తీసి పువ్వు చేతికిస్తాం' అని సంభాషణ శాఖవారి నినాదం. నిజంగానే గొడవలు తగ్గాయి. కోర్టులు సగం ఖాళీ అయ్యాయి. అన్నదమ్ములు గట్టు తగాదాలు కూడా పొగడ్తలతోనే తేల్చుకొనేవారు. జనం కూడా దానికి అలవాటుపడి, అందిన మాటలోని తీపిని కొంత తగ్గించుకొని చదవడం నేర్చారు. రాసినవాడు చెప్పదలచుకొన్న సంగతి మాత్రం అందులో ఉండే ఉంటుందని అందరి నమ్మకం.

ఆ రోజు జోగయ్య చేతిలో కుంచె నిలవలేదు. మధ్యాహ్నం పడవకు అతని భార్య నీలవేణి ఇంటికి వస్తోంది.

ఐదేళ్ళ కిందట తూర్పు సముద్రపు అడుగున దొరికే లోహం కోసం రెండు కూటముల మధ్య యుద్ధం మొదలైంది. తీరంలో ఈత, మునక తెలిసినవాళ్ళను లోతుదళంలోకి తీసుకున్నారు. నీలవేణి ఊపిరి బిగబట్టి మునిగిందంటే మగవాళ్ళు కూడా ముందు తేలాల్సిందే. ఒక గడువు పనిచేసి వచ్చేస్తానని వెళ్ళింది. సముద్రం అడుగున కట్టిన లోతుకోటలో ఆమె పని. అక్కడి నుంచి మాట గాలిలో పంపితే శత్రువు పసిగడతాడు. అందుకని ఇంటి కార్డులను మూగచేప అనే చప్పుడు లేని చిన్న యంత్రం మోసుకొచ్చేది. ఒడ్డుకు చేరాక అవి మృదుపలక అంచు నుంచి అట్టముక్కల మీద అచ్చయి వచ్చేవి. ఇక్కడి మాటలు కూడా అదే దారిన అడుగుకు వెళ్ళేవి.

కార్డు వచ్చిన రోజున కూతురు వరాలు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొనేది. అమ్మ వాసన లేదని కింద పెట్టేసేది. జోగయ్య మాత్రం ఆ అక్షరాల మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ నడిపించేవాడు. 'రా'కు ఆమె చుట్టే దీర్ఘం, 'ణ'కు పెట్టే పొడుగు తోక అన్నీ ఆమెవే. మాటలు మాత్రం ఎప్పుడూ సంబరంగానే ఉండేవి.

మొదటి గడువు ముగిసేటప్పుడు, వచ్చెయ్యమని కార్డు తర్వాత కార్డు రాశాడు. ఆమె రాలేదు. రెండో గడువుకు సంతకం పెట్టిందని కబురొచ్చింది. ఆ రోజు నుంచి జోగయ్య లోపల ఒక గది మూసుకుపోయింది. అయినా కార్డులు రాయడం మానలేదు.

మొన్న దళం నుంచి వచ్చిన కబురు చదివి అతను కూలబడిపోయాడు. 'నీలవేణిగారికి సంపూర్ణ ప్రశాంతత లభించినది.' చచ్చిపోయిందనుకున్నాడు. పొరుగింటి గవరమ్మ పరిగెత్తుకొచ్చి ఆఖరి వాక్యం దాకా చదివించింది. లోతుకోటలో ఒత్తిడి తలుపు పగిలి ఆమె రెండు చెవులూ పోయాయని, విడుదల చేసి ఇంటికి పంపుతున్నారని అప్పుడు అర్థమైంది.

పడవ దిగిన నీలవేణి అతను గుర్తుపెట్టుకొన్న మనిషి కన్నా చిన్నగా ఉంది. వెలుగుకు కళ్ళు చికిలించి చూసింది.

"ఏటి మావా, అలా సూస్తావు? మరీ సిక్కిపోనానా?" అంది. తన గొంతు తనకు వినపడదు కనుక రేవంతా వినేలా అరిచింది. పక్కవాళ్ళు తిరిగి చూశారు. వరాలు తండ్రి వెనక్కి నక్కింది. తల్లి వెళ్ళేటప్పటికి దానికి ఐదేళ్ళు. ఈ మనిషి దానికి కార్డుల మీది చేతిరాతే తప్ప మరేం కాదు.

ఇంట్లో మాట్లాడుకోవడానికి మిగిలింది మృదుపలకే. జోగయ్య తన పలక మీద రాస్తే నీలవేణి పలక మీద కనిపించేది. ఆమె చదివి నోటితో జవాబు చెప్పేది. కొన్నాళ్ళు అలా తీపిగానే గడిచాయి. పిల్ల గొంతు ఎలా ఉంటుందని ఆమె అడిగితే అతనేదో రాశాడు. ఆమె చదువుకొని, "తేనెలాగా!" అని మురిసిపోయింది. తను తేనె అని రాయలేదని జోగయ్యకు తెలుసు. పోనీలే అనుకున్నాడు.

ఒక సాయంత్రం చేపల పులుసుతో అన్నం తింటూ నీలవేణి నవ్వుతూ ఏదో లోతుకోట ముచ్చట చెబుతోంది. అక్కడి మనుషుల పేర్లు ఆమె నోట ప్రేమగా దొర్లుతుంటే జోగయ్యకు మూసుకుపోయిన ఆ గది తలుపు తెరుచుకుంది. కంచం పక్కకు తోసి పలక అందుకొని గబగబా రాశాడు.

'రెండోసారి ఎందుకు సంతకం పెట్టావు? రమ్మని ఎన్ని కార్డులు రాశాను! పిల్ల నీ చీర కప్పుకొని ఏడ్చి ఏడ్చి పడుకొనేది. మేం నీకు అక్కర్లేకపోయాం.'

ఆమె చదివింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కానీ నవ్వుతోంది.

"నాకు తెల్దేటి మావా? పెతి కార్డులో ఇదే రాసినావు కదా. అందుకే కదా నాను ఉండిపోనాను."

జోగయ్యకు అర్థం కాలేదు. ఆమె చేతిలోని పలక లాక్కొని చూశాడు. అతని చేతిరాతే. అతని కొమ్ములే, గుడులే.

'నువ్వు అక్కడ ఉన్నన్నాళ్ళూ మాకు ఏ లోటూ లేదు. పిల్ల నీ చీర కప్పుకొని హాయిగా పడుకొనేది. నీ పని నువ్వు చూసుకో, మా గురించి దిగులు వద్దు.'

ఆ మార్పు ఎవరో కుట్రతో చేయించినది కాదు. ఎవరి ఆజ్ఞా దానికి అక్కర్లేదు. సముద్రం అడుగున ఉన్న మనిషికి 'వచ్చెయ్' అన్న మాటకన్నా గుండె అదిరించే మాట లేదు. పలక దాన్ని ముల్లు అనుకొంది. తీసేసింది. ఆ ఒక్క మాట తీసేశాక చుట్టూ ఉన్న మాటలు కూడా దానికి తగ్గట్టు మారక తప్పలేదు.

జోగయ్య లేచి వసారాలోకి పోయాడు. రంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చాడు. సున్నం కొట్టిన గోడ మీద పడవ పేరు రాసేటంత పెద్ద అక్షరాలతో రాశాడు.

'రమ్మని రాశాను.'

నీలవేణి పెదవులు కదిలాయి. లేచి గోడ దగ్గరకు వచ్చింది.

"ఎప్పుడు?"

'ఎప్పుడూ.'

"పెతి కార్డులోనా?"

అతను తలూపాడు. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయింది.

"నానూ రాసినాను మావా. బయమేస్తంది, రమ్మని ఒక్క మాట అను సాలు, సంతకం ఎట్టకుండా వచ్చేస్తాను అని. నువ్వా మాట అననేదు. పోనీ నాను నేకపోయినా ఈళ్ళకి బాగుంది కామోసు అనుకున్నాను."

అతను దాని కిందే రాశాడు. 'చుట్టూ దీపాల్లాంటి చేపలు తిరుగుతున్నాయి, చూడముచ్చటగా ఉంది అని నీ కార్డు వచ్చింది.'

"దీపాలా?" నీలవేణి పకపకా నవ్వింది. నవ్వు నవ్వుగా నిలవలేదు. "అక్కడ నా సెయ్యి నాకు అగుపడదు మావా. అంత సీకటి. తొలి గడువు కాడే వచ్చేసుంటే…" అని చెవి మీద చెయ్యి వేసుకొని ఆ మాట అక్కడే వదిలేసింది.

ఆ గోడ ముందే ఇద్దరూ కూర్చున్నారు. ఆమె అడిగింది.

"ఇప్పుడు నిజం సెప్పు. పిల్ల గొంతు ఎలా ఉంటాది?"

జోగయ్య రాశాడు. 'అచ్చం మా అమ్మలాగే. బొంగురు.'

"ఓలమ్మా! మా అత్త గొంతా!" అంటూ కళ్ళు తుడుచుకుంది. అత్త గొంతు ఆమె బాగా ఎరుగును. ఇప్పుడు పిల్ల నోరు తెరిస్తే ఏదో కొంచెం మనసులో వినబడుతుంది.

గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న వరాలు లోపలికొచ్చింది. తండ్రి చేతిలోని కుంచె తీసుకుంది. తనకు అందేంత ఎత్తులో, వంకర అక్షరాలతో మెల్లగా రాసింది.

'అమ్మా, నువ్వంటే నాకు కోపం. నాకు జ్వరమొచ్చినా రాలేదు. నీ మొకం మర్చిపోయాను.'

పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ అలాంటి మాట రాసి అందించి ఎరగదు. ఏమవుతుందోనని భయంగా తల్లివైపు చూసింది. నీలవేణి ఆ తడి అక్షరాల వెంట వేలు పోనిచ్చింది. 'మర్చిపోయాను' దగ్గర ఆగింది. వేలికి నీలం అంటుకుంది.

"ఇంకా రాయమ్మా," అంది. "ఇంకేటేటి కోపాలున్నాయో అన్నీ రాసీ."

వరాలు రాసింది. రాస్తూ రాస్తూ ఏడ్చింది. కుంచె ఆరిపోయాక తల్లి ఒళ్ళోకి వెళ్ళి కూర్చుంది.

పొద్దున్నే గవరమ్మ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు తవిటయ్య కూడా అదే లోతుకోటలో ఉన్నాడు. గోడ చూసి ఆగిపోయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైనుంచి కింద వరకు చదివింది. జోగయ్య జరిగింది చెప్పాడు.

"అయితే బాబూ, మరి మా తవిటిగాడికీ…?"

ఆమె పెదాల మీద ఆ పేరు నీలవేణికి తెలిసింది. ఇప్పటికైనా మెత్తగా చెప్పకూడదనుకుంది.

"మీ కార్డు వచ్చినప్పుడల్లా గట్టిగా సదివి అందరికీ ఇనిపించీవోడు పిన్నీ. నాను నేకపోయినా మాయమ్మ మారాణిలా ఉంది, ఎల్లి ఏటి సేస్తాను అనీవోడు. వచ్చే అమాస్యకి మల్లీ సంతకాలు. ఎడతానని అంటన్నాడు."

"మారాణా!" అంది గవరమ్మ. "ఒక్కదానికేటని పొయ్యి ఎలిగించడం మానీసినానే తల్లీ. రెండు పూటలూ గంజే."

జోగయ్య పలక తీసి ఆమె చేతికిచ్చాడు. ఎక్కువ మాటలు వద్దు, ఒక్క అక్షరం రాయమన్నాడు. గవరమ్మ 'రా' అని రాసింది. ఆ పలకను తవిటయ్యకు పంపే కార్డు పద్ధతిలో పెట్టి, అచ్చయి రానిచ్చి చూశారు. గవరమ్మ చేతిరాతలోనే ఉంది.

'రాజాలా ఉండు నాయనా.'

నీలవేణి ఆ అట్టముక్క చదివి గవరమ్మ చేతికిచ్చింది.

"తవిటిగాడొక్కడే కాదు," అంది నీలవేణి. "మా గదిలో ఉన్నోళ్ళందరూ అంతే. ఇంటికాడ అందరూ బాగున్నారని ఉండిపోతన్నారు. ఎవులో ఒకలు ఎల్లి నోటితో సెప్పాల."

దళం నుంచి విడుదలైనవాళ్ళు తమ సామాను తెచ్చుకోవడానికి ఒకసారి సరుకుల పడవ ఎక్కవచ్చు. ఆ పడవ అమావాస్యకు ముందే లోతుకోటకు చేరుతుంది. కానీ యుద్ధం నడుస్తున్న ఆ దారిలో వెళ్ళిన పడవల్లో కొన్ని తిరిగి రావడం లేదు. జోగయ్యకు ఆ సంగతి తెలుసు. కుంచె ముంచి గోడ మీద 'వద్దు' అని రాశాడు. ఆమె చదివింది. ఎదురు చెప్పలేదు. ఐదేళ్ళలో అతని మాట ఉన్నదున్నట్టుగా ఆమెకు అందడం, నిన్నటి రాత తర్వాత ఇది రెండోసారి. దాన్ని కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు.

గవరమ్మ గడప మీద కూర్చుంది. చేతిలో ఆ అట్టముక్క పట్టుకొని, కొడుకు కోసం తను రాయని ఆ మాటను తిప్పి తిప్పి చూస్తోంది. జోగయ్య ఆమె వైపు ఎంతోసేపు చూశాడు. తర్వాత లేచి వెళ్ళి, నీలవేణి చీరలు రెండు మడతపెట్టి సంచిలో పెట్టాడు.

రేవులో సరుకుల పడవ కదలడానికి సిద్ధంగా ఉంది. వీధిలోని వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నీలవేణికి తమవాళ్ళ పేర్లు చెబుతున్నారు. వాళ్ళ పెదాలను చూస్తూ ఆమె పేరు పేరునా తిరిగి పలుకుతోంది. చివరికి జోగయ్య ఎదురుగా నిలబడ్డాడు. ఆమెకు కనబడేలా నోరు తెరిచి, నిదానంగా అన్నాడు.

"ఎల్లిరా."

ఆమె అతని పెదాలనే చూసింది. "ఎల్లొస్తాను మావా," అంది.

పడవ అలల మీదికి ఎక్కింది. జోగయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి, "రా! తొరగా రా!" అని అరవసాగాడు.

వరాలు అతని చొక్కా పట్టుకొని లాగింది.

"అమ్మకి ఇనపడదు నాన్నా."

"తెలుసమ్మా," అన్నాడు జోగయ్య. మళ్ళీ అరిచాడు.

పిల్ల కాసేపు పడవ వంక చూసింది. తర్వాత అది కూడా నీళ్ళలోకి దిగి, తన బొంగురు గొంతంతా పెట్టి అమ్మను రమ్మని కేక వేసింది.