అంకె లేని యూజర్‌నేమ్

“పన్నెండింటికి అభిషేక్ పేరు బయటపడుతుంది. పన్నెండూ పదికి వాణ్ని చంపేస్తారు.”

ఫోన్‌లో చీఫ్ జీవరత్నం మాట విని ఇంద్రజ ఊఁ అంది. అప్పటికే ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కి కూర్చుంది.

అభిషేక్ మూడేళ్లుగా సరిహద్దు అవతల మారుపేరుతో బతుకుతున్న ఏజెంట్. ఆమె చేతిలో తయారైనవాడు. వాడి అసలు వివరాలు ఒక విదేశీ ముఠాకు చిక్కాయి. నంద్యాలలోని చిన్న వెబ్ హోస్టింగ్ కంపెనీ సర్వర్‌లో, ఆళ్లగడ్డ విగ్రహాల షాపుల వెబ్‌సైట్ల మధ్య ఒక దొంగ అకౌంట్‌లో వాటిని దాచారు. పన్నెండు కాగానే వాటంతట అవే లోకానికి తెలిసిపోతాయి. ఆలోపే ఆ ఒక్క అకౌంట్ డిలీట్ చేయాలి. సర్వర్ ఆపేసినా, పొరపాటున వేరే అకౌంట్ తీసేసినా అవి ఆ క్షణమే బయటపడతాయి.

“ఛాన్సు ఒక్కటే. లోపల వాణి ఉందిగా, చూపిస్తుంది,” అన్నాడు చీఫ్.

వాణి ఆ కంపెనీ మేనేజర్. ముఠా మనిషిగా నటిస్తూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమెను చేర్చుకున్నది ఇంద్రజే.

ఇంద్రజ నేతచీర కట్టింది. ముక్కుపుడకలో కెమెరా. పక్క సీట్లో శిల్పి మద్దిలేటి. అతని సైట్ లాగిన్ సతాయిస్తోందని ఫిర్యాదు, ఆమె అతని అక్కగా వేషం. ఫిర్యాదు మాత్రం నిజమే.

పదకొండూ నలభైకి మేడమీది కంపెనీ ఆఫీసులో వాణి ఎదురొచ్చింది. సిల్కు చీర, ఖరీదైన సెంటు.

“ఆళ్లగడ్డ బస్సు లేటా అక్కా?”

“లేదు, టైరు పంచరు.”

కోడ్ సరిపోయింది. వాణి కంట్రోల్ ప్యానెల్ తెరిచింది. నలభై ఒక్క అకౌంట్లు. ఆళ్లగడ్డలో ఏ షాపు పేరైనా ‘శ్రీ అహోబిల’ అంటూ స్వామి పేరుతోనే మొదలవుతుంది. ప్యానెల్ సెట్టింగేమో సైట్ పేరులోని మొదటి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలనే యూజర్‌నేమ్‌గా తీసుకుంటుంది. అందుకే అన్నీ ‘శ్రీఅహోబి’లే. ఆ పేరు అప్పటికే ఉంటే చివర వరుసగా అంకె తగిలిస్తుంది.

“ఇరవై ఏడు. నేనే చూశాను. తీసెయ్,” అంది వాణి.

ఇంద్రజ వేలు మౌస్ మీదికి వెళ్లింది.

మద్దిలేటి స్క్రీన్‌లోకి తొంగిచూసి గొణిగాడు. “ఆళ్లగడ్డలో నాకంటే ముందు సైటు పెట్టినోడు ఎవుడూ లేడక్కా. నేనే ఫస్టు. మరి నా పేరు చివర ఒకటి ఏందీ?”

ఇంద్రజ వేలు ఆగింది. మద్దిలేటికి ఒకటి తగిలిందంటే, అంకె లేని ఉత్త పేరును అంతకుముందే ఎవరో తీసుకున్నారు. మొదటి షాపు కంటే ముందున్నది షాపు కాదు.

జాబితాలో అన్నిటికంటే పైన ఉంది అది. తెరిచింది. తయారుచేసినవారు: వాణి. తేదీ ఐదేళ్ల కిందటిది. ఇంద్రజకు వాణి పరిచయం కావడానికి నాలుగు నెలల ముందు.

ఇంద్రజకు కడుపు ఆపరేషనైనప్పుడు పది రోజులు ఆసుపత్రిలో జావ కాచి తాగించింది వాణి.

“అప్పుడు కూడా వాళ్ల మనిషివేనా?” అంది ఇంద్రజ.

“జావ నిజంగానే కాచినా అక్కా. ఏజెంట్ల పేర్లు కలవరించింది నువ్వే.”

వాణి మౌస్ వైపు చెయ్యి చాపింది. మద్దిలేటి ఆ మణికట్టు పట్టుకున్నాడు. రాయి కొట్టే చెయ్యి, ఇక కదల్లేదు. ఇంద్రజ డిలీట్ నొక్కింది. ఖచ్చితమేనా అని ప్యానెల్ అడిగింది. పదకొండూ యాభై తొమ్మిదికి ఇంద్రజ అవునంది.

పన్నెండు దాటింది. ఎక్కడా ఏమీ బయటపడలేదు. ముక్కుపుడక కెమెరాలో అంతా చూస్తూ కింద కాచుకున్న పోలీసులు పైకొచ్చారు. వాణి మెట్లు దిగుతూ కొంగు సర్దుకుంది గానీ వెనక్కి చూడలేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. అభిషేక్ క్షేమమట. వాణి జాగాలో సోమవారం కొత్తమ్మాయి చేరుతోందనీ, నమ్మకస్తురాలని ఇంద్రజ ఒక సిఫార్సు రాసివ్వాలనీ అన్నాడు.

“వాణికి రాసింది ఫైల్లో ఉంది సార్,” అంది ఇంద్రజ. “పేరు మార్చి పెట్టుకోండి.”