క్లీనర్ సైడు తలుపు

ఆ ఇంటి వెనక రేకుల షెడ్డులోకి పాత పికప్ బండి వచ్చిన రోజున మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దాని చుట్టూ కొత్త దూడను చూసినట్టు తిరిగారు. వాళ్ళది లాండ్రీ. హోటళ్ళ నుంచి దుప్పట్లూ తువ్వాళ్ళూ మూటలుగా తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ అప్పజెప్పే పని. అద్దె బండ్ల వెంట తిరిగి తిరిగి విసిగిపోయి, పాత ఇనుము వ్యాపారి దొడ్లో ఏళ్ళ తరబడి పడున్న ఈ బండిని కొనుక్కొచ్చారు. ఇంజను బాగానే ఉంది. ఒంటి మీద తెల్లరంగు మాత్రం గజ్జి పట్టిన కుక్క బొచ్చులా ఊడిపోతోంది.

"లాండ్రీ వాళ్ళ బండికే ఇన్ని మచ్చలుంటే మనకి బట్టలెవరిస్తారు?" అంది ఆమె.

"నేనుండగా నీకా బెంగెందుకక్కా?" అన్నాడు తమ్ముడు.

అతను కార్లకు రంగులేసే షాపులో పెయింటరు. అక్కాబావల దగ్గరే ఉంటున్నాడు. ఎవరైనా గొంతు పెంచితే ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయే మెతక మనిషి.

వారమంతా బండితో పనే. ఒకేసారి విప్పి కూర్చుంటే కుదరదు. అందుకని ఆదివారానికి కొంత చొప్పున వేద్దామనుకున్నారు. ముందు బానెట్టు, తర్వాత తలుపులు, ఆఖర్న వెనక తొట్టి. బానెట్టు నీలం రంగులో అద్దంలా తేలింది. సగం నీలం, సగం తెలుపుతో బండి వీధిలోకి వెళ్ళగానే పక్కింటి టైలరు, "ఏమ్మా, చొక్కా తొడిగారు సరే, ప్యాంటెప్పుడు?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ బండి గురించి ఆమె నవ్వడం అదే ఆఖరు.

మరుసటి ఆదివారం డ్రైవరుకి అవతలి పక్కనుండే క్లీనర్ సైడు తలుపు పట్టుకున్నారు. తమ్ముడు పాత రంగు గోకుతూ గోకుతూ ఆగాడు.

"బావా, సొట్ట అంటే లోపలికి పోవాలి కదా?"

"పోవాలి. అయితే?"

"ఇవి బయటికి పొంగాయి."

ఆమె కూడా వచ్చి చూసింది. తలుపు కింది సగంలో, చిన్న గుప్పిట్లో పట్టేంత బొడిపెలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. లోపల కూర్చుని ఎవరో మడమలతో తన్నీ తన్నీ పెట్టినట్టున్నాయి. భర్త తలుపు తీసి లోపలి వైపు తడిమాడు. తెరిచే హ్యాండిల్ ఉండాల్సిన చోట రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేసేశారు.

"దొంగల భయానికి చేసుంటారులే," అన్నాడు.

"దొంగ బయటుంటాడు గానీ లోపలుంటాడా బావా?"

 భర్త తలుపు వెనక చెక్క దిమ్మ ఆనించి, సుత్తితో బొడిపెల్ని అణగ్గొట్టడం మొదలుపెట్టాడు. ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఊపిరి తీసుకోవడానికి చెయ్యి ఆపాడు.

ఠంగ్.

ఆ చివరిది అతను కొట్టింది కాదు.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "రేకు సాగి వదిలితే అలాగే మోగుతుంది," అంటూ అతను తలుపు అంచు పట్టుకుని లోపలికి వంగాడు. గాలి లేదు. ఎవరూ ముట్టుకోలేదు. తలుపు విసురుగా వచ్చి మూసుకుంది. నాలుగు వేళ్ళూ మధ్యలో ఉండిపోయాయి. కట్టెలు విరిగినట్టు చప్పుడైంది. ఆ తర్వాత అతని కేక. బావమరిది బయటి హ్యాండిల్ పట్టుకుని ఎంత లాగినా తలుపు రాలేదు. అది వదిలేదాకా పట్టుకునే ఉంది. వదిలాక చూస్తే రెండు వేళ్ళు గోళ్ళ దగ్గర నుజ్జయిపోయాయి. తెల్లరంగు మీద నెత్తురు ధార కట్టింది.

వేళ్ళకి కుట్లు పడ్డాయి. కానీ మనిషికి పంతం పట్టుకుంది. మరుసటి వారం బొడిపెల్ని అణగ్గొట్టి, ఎగుడుదిగుళ్ళన్నీ పుట్టీతో పూడ్చి, తడిపిన గరుకు కాగితంతో రుద్ది, నున్నగా చేశారు. మరునాడు పొద్దున్న చూస్తే పుట్టీ అంతా పెచ్చులై నేల మీద రాలి ఉంది. బొడిపెలు మళ్ళీ లేచాయి. మొదటికన్నా ఎక్కువే.

"ఈ తలుపు వదిలేద్దాం బావా. ఇంకో తలుపు వెతికి బిగిద్దాం," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా.

"ఇనుపరేకుకి భయపడతావుట్రా? దాని సంగతి నే చూస్తా."

ఆ రోజు ఆమె దుప్పట్లు ఆరేస్తూ సుత్తి చప్పుడు వింటూనే ఉంది. ఎంతకీ ఆగదే. చివరికి షెడ్డులోకి వెళ్ళింది. అతను తలుపుని కొట్టడం లేదు. బాదుతున్నాడు. దవడలు బిగుసుకున్నాయి. నోటి చివర నురగ. చేతి కట్టులోంచి నెత్తురు కారి సుత్తి పిడి జారిపోతున్నా ఆపడం లేదు. ప్రతి దెబ్బకీ పళ్ళ మధ్య నుంచి ఏదో బూతు. ఆ మాటలు అతని నోట ఆమె ఏనాడూ వినలేదు.

"చాలు! ఆపండి!" అని భుజం పట్టి లాగింది.

సుత్తి ఎత్తినవాడు ఆమె వైపే తిరిగాడు. ఒక్క క్షణం. ఆమె తల మీదే వేస్తాడనుకుంది. తర్వాత చెయ్యి వాలిపోయింది.

"మొదలుపెట్టింది నేనే," అన్నాడు. "అది ఆపనివ్వలేదు."

అప్పుడు తగిలింది ఆమెకు వాసన. థిన్నర్ ఘాటు కింద, క్యాబిన్ లోపలి నుంచి, ఇంకొకటి. ఎన్నో వేల దుప్పట్లు ఉతికిన ముక్కు ఆమెది. పొరపాటు పడదు. భయంతో పిల్లలు పక్క తడుపుకుంటే వచ్చే వాసన అది.

ఆ రోజు నుంచి తలుపు మాట ఎత్తవద్దని ఆమె ఒట్టు పెట్టించుకుంది. అయినా వింతగా, ఆ చివరి దెబ్బలతో తలుపు దారికొచ్చినట్టే ఉంది. బొడిపెలు మళ్ళీ లేవలేదు. "దాని పొగరు దిగింది," అన్నాడు భర్త. ప్రైమర్ వేశారు. వారమంతా నిలిచింది. ఇక రంగు ఒక్కటే కదా, ఒక పూట పని కదా అని ఆమె కూడా మెత్తబడింది.

ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. రేకుల మీద మోతకి మాట వినపడదు. దుమ్ము పడకుండా బండి చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టారు. మబ్బు వల్ల లోపలంతా బూడిద వెలుతురు. కంప్రెసర్ రొద. అద్దాల సందుల్లోంచి రంగు లోపలికి దూరుతోందని భర్త క్యాబిన్‌లోకి ఎక్కి లోపలి నుంచి కూడా కాగితాలు అంటిస్తున్నాడు. తమ్ముడు బయట రంగు కొడుతున్నాడు.

ఆమె టీ తీసుకుని పరదా తప్పించి వచ్చేసరికి క్లీనర్ సైడు తలుపు తడితడిగా, నీలంగా మెరుస్తోంది. కాగితాలు అంటించిన అద్దాల వల్ల లోపల మనిషి కనపడడం లేదు.

"ఏమండీ, టీ."

డ్రైవర్ సైడు తలుపు టక్కుమని మూసుకుంది. తమ్ముడు వెళ్ళి లాగాడు. రాలేదు.

"బావా, తాళం ఎందుకేశావ్?"

"నేనెయ్యలేదురా…"

కంప్రెసర్ దానంతటదే ఆగిపోయింది. వాన చప్పుడొక్కటే. దాని అడుగున… లోపలి నుంచి ఎవరో పెద్దగా ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. తాగిన మనిషి ఊపిరిలా.

"ఎవరో ఉన్నారే," అన్నాడు భర్త చాలా మెల్లిగా. "నా పక్కన…"

దభ్.

మాంసం మీద పడిన దెబ్బ అది. బండి ఊగింది. దభ్. దభ్. అతని కేక సగంలో తెగిపోయింది. తడి నీలంరంగు మీద, ఆమె కళ్ళ ముందే, ఒక బొడిపె లేచింది. దాని పక్కన ఇంకొకటి. లోపల తన్నుకుంటున్నాడు. తమ్ముడు ఇటు పరుగెత్తుకొచ్చి ఈ హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టుకుని, కాలు తన్నిపెట్టి లాగుతున్నాడు. అక్కడ దెబ్బలు ఆగవు. ఎముక విరిగిన చప్పుడు. తర్వాత మరొకటి.

"ఇంకెప్పుడూ చెయ్యను…" గొంతు భర్తదే. కానీ ఆ వెక్కిళ్ళు అతనివి కావు. "కొట్టొద్దు… ఇంకెప్పుడూ చెయ్యను…"

ఆమె సుత్తి తీసుకుని కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. ఒక్క దెబ్బ… రెండు… గాజు చేతుల్లో దిగినా చూసుకోలేదు. కాగితాలు చింపి లోపలికి చూసింది.

క్యాబిన్‌లో అతనొక్కడే. సీటు కింద కాళ్ళు పెట్టుకునే ఇరుకులో, అంత పెద్ద మనిషి, ముడుచుకుని, తల మీద చేతులు కప్పుకుని ఉన్నాడు. మొహం గుర్తుపట్టేలా లేదు. డాష్‌బోర్డు మీద, పైకప్పు మీద, నెత్తురు చిమ్మింది. ఆమె చూస్తుండగానే అతని తల ఒక పక్కకి విసిరేసినట్టు తిరిగింది. చెంప మీద దెబ్బ పడిన చప్పుడు ఆ తర్వాత వినిపించింది.

"వదులు! నా మనిషిని వదులు!" అని ఆమె గొంతు చించుకుంది.

అంతా ఆగింది.

క్లీనర్ సైడు తలుపు, దానంతటది, మెల్లిగా తెరుచుకుంది. అతను బయటికి జారి ఆమె ఒళ్ళో పడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేలు వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఆమెను పక్కకు పిలిచింది.

"ప్రాణానికి భయం లేదు. పళ్ళు కూడా ఒక్కటీ ఊడలేదు, అదృష్టం. కానీ ఒక సంగతి అడగాలి. ఇవాళ విరిగినవి రెండే పక్కటెముకలు. మిగతావన్నీ ఎప్పుడో విరిగి అతుక్కున్నవి. ముంజేయి, జబ్బ, మెడ కింది ఎముక. చిన్నప్పుడు ఈయన్ని ఎవరైనా బాగా కొట్టేవారా?"

"లేదండీ. మొన్న తలుపులో పడి నలిగిన వేళ్ళు తప్ప, ఆయన ఒంట్లో ఏనాడూ ఎముక విరగలేదు."

డాక్టరమ్మ నమ్మలేదు. ఆమె వైపూ, వెనక నిలబడ్డ తమ్ముడి వైపూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది.

తమ్ముడు గోడకు జారగిలబడి నేల మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది. చేతులకింకా రంగు పని గ్లవ్స్ అలాగే ఉన్నాయి.

"అక్కా, చేతులు మండిపోతున్నాయే. తీయడానికి రావట్లేదు."

ఆమె ముందు కూర్చుని ఒక్కొక్కటీ మెల్లిగా లాగింది. గ్లవ్స్‌కి సూదిమొనంత చిరుగు కూడా లేదు. కానీ లోపల వేళ్ళ కణుపులన్నీ తోలు లేచిపోయి, వాచి, పచ్చి పుళ్ళై ఉన్నాయి. ఎవరినో ఎడాపెడా గుద్దిన చేతులు అవి.  లోపల దెబ్బలు పడుతున్నంతసేపూ ఆ రెండు చేతులూ బయట హ్యాండిల్ మీదే ఉండడం ఆమె కళ్ళారా చూసింది.

కుడిచేతి మధ్యవేలి కణుపులో తెల్లగా ఏదో గుచ్చుకుని ఉంది. గాజుముక్క అనుకుని గోటితో తీసి అరచేతిలో వేసుకుంది.

పాలపన్ను. ఇంకా వెచ్చగా ఉంది.