టిక్కీలో పోయిన నవల

తెల్లారి కల్లం మీద పట్టాలు లాగేసరికి, రాత్రి మంచుకి తడవకుండా కప్పిన మిరపకాయలు ఎర్రగా మెరిశాయి. కూలి ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరడం మొదలుపెట్టారు. చేతులు పడ్డాయో లేదో, కోడలు శ్రీదుర్గ గొంతు లేచింది.

"ఊఁ, చెప్పండి. నిన్న ఎవరెవరు ఏం చదివారు?"

రామాంజనేయులుకి ఒళ్లు మండింది. సత్తెనపల్లి పిల్ల. కొడుకు కోటేష్‌ని చేసుకుని ఏడాదైంది. ఈ ఏడు కాయ కల్లానికి వచ్చిన రోజు నుంచి ఇదే వరస. చదువొచ్చినవాళ్లు చదివింది చెప్పాలి. రానివాళ్లు పిల్లల చేత చదివించుకుని విన్నది చెప్పాలి.

"మా పెద్దదాని పుస్తకంలో తేనెటీగల పాఠం విన్నా" అంది మరియమ్మ. "రాణీగ కూర్చున్న చోట నుంచి కదలదంట. అన్నీ మిగతావాళ్లే నోటికి అందించాలంట. అచ్చం మా అత్తే!"

కల్లమంతా నవ్వింది.

"నేను పకోడీలు కట్టిన కాయితం చదివా" అంది నసీమున్నీసా. "వంకాయకి పుచ్చు పడితే ఏం మందు కొట్టాలో సగం రాసుంది. ఆ మందు పేరు ఎవరి పకోడీలతో పోయిందో!"

చివరికి అందరూ కాచుకునే నవల వంతు వచ్చేది. శ్రీదుర్గ సత్తెనపల్లి అద్దె పుస్తకాల కొట్లో తెచ్చింది. అట్ట ఊడిపోయింది, పేరేంటో ఎవరికీ తెలియదు. వాడరేవులో గంగ అనే పిల్లకి ఒక ఉత్తరం వస్తుంది. తండ్రి దాన్ని చింపలేక, ఇవ్వలేక, బోర్లించిన పడవ కింద దాస్తాడు. శ్రీదుర్గ రోజూ పది పేజీలు చదివి మర్నాడు చెప్పేది. ఐదో తరగతి దాకా వెళ్లిన నసీమున్నీసా అన్నాల వేళ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూడబలుక్కునేది.

"ఇది కల్లమా, బడా?" అన్నాడు రామాంజనేయులు.

"చేతులు ఆగట్లేదుగా మామయ్యా."

ఆ మాట నిజమే. అందుకే ఇంకా మండింది. తను ఏడో తరగతిలో ఉండగా తండ్రి తన చేతిలో పుస్తకం లాగేసి గొర్రు వెనక నిలబెట్టాడు. ఇప్పుడు ఆయన చదివేదల్లా ఎరువు బస్తాల మీద అక్షరాలే. ఎవరి చేతిలో పుస్తకం కనబడినా, అది తన దగ్గర గుంజుకున్నదే అనిపించేది.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్లు చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరకి వెళ్లారు. పుస్తకం బస్తా మీద ఉంది. కల్లం ఆ చివర హమాలీలు కాయని టిక్కీలకి, ఆ పెద్ద గోతాలకి, ఎత్తి తొక్కుతున్నారు. రామాంజనేయులు అటూ ఇటూ చూశాడు. సగం నిండిన టిక్కీలో పుస్తకం దోపి పైన నాలుగు దోసిళ్ల కాయ పోశాడు. సాయంత్రం దాకా వెతుక్కోనీ, అప్పుడు తీసిస్తే సరి అనుకున్నాడు. ఇంతలో పొలంలో మోటారు ఆగిందని కబురొచ్చింది. చూసుకుని తిరిగొచ్చేసరికి, మబ్బు పట్టిందని టిక్కీలన్నీ కుట్టేశారు. లారీ గుంటూరు దారి పట్టింది.

కల్లంలో పుస్తకం కోసం గాలిస్తున్నారు.

"చివర్న నసీమున్నీసా చేతిలో చూశా" అన్నాడు కోటేష్.

నసీమున్నీసా లేచింది. అన్నం క్యారేజీ తెరిచి బోర్లించింది. నాలుగు మెతుకులు రాలాయి. కొంగు దులిపింది.

"చూసుకో నాయనా. పదేళ్లుగా మీ కల్లంలో ఏరుతున్నా. ఒక్క కాయ కొంగున కట్టుకెళ్లానా? రేపట్నుంచి నేను రాను."

"ఆమెనంటావా?" శ్రీదుర్గ మొగుడి మీద విరుచుకుపడింది. "నాకు లేని అనుమానం నీకెందుకు?"

మిగతా ఆడవాళ్లూ లేచారు. రామాంజనేయులు పెళ్లాం సుబ్బరావమ్మ మాత్రం తన మొగుడి వైపే చూస్తోంది. "ఏమయ్యా, మోటారు ఆగితేనే ఊరంతా వినబడేలా అరుస్తావు. ఇంత గొడవ జరుగుతుంటే నోరు మెదపవేం?"

నసీమున్నీసా ఖాళీ క్యారేజీకి మూత పెట్టుకుంటోంది. మూత సరిగ్గా పడటం లేదు.

"నేనే" అన్నాడు రామాంజనేయులు. "టిక్కీలో పెట్టా. గుంటూరెళ్లిపోయింది."

నసీమున్నీసా క్యారేజీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

"ఎందుకు మామయ్యా?" అంది శ్రీదుర్గ. ఆ గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని కుంగదీసింది.

"బడి మానిన రోజున అడవిలో తప్పిపోయిన అన్నదమ్ముల పాఠం సగంలో ఉంది. అన్న దొరికాడు. తమ్ముడు దొరికాడో లేదో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదమ్మాయ్. మీరు రోజూ తర్వాతేమైంది, తర్వాతేమైంది అనుకుంటుంటే..." మాట పూర్తి చేయలేక కండువాతో మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు మొదటి బస్సుకి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లాడు. గుమస్తాని బతిమాలి ఒక్కో టిక్కీ విప్పించాడు. ఐదో దాంట్లో దొరికింది.

"ఇదేం రకం కాయండీ?" అని గుమస్తా నవ్వాడు.

తిరుగు బస్సులో మొదటి పేజీ తెరిచాడు. ఘాటుకి పక్కనున్నాయన తుమ్మి తుమ్మి వేరే సీటుకి పోయాడు. రామాంజనేయులు వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా పట్టుకున్నాడు. తండ్రి ఉత్తరం దాచిన చోటికి వచ్చేసరికి అక్షరాలు మసకబారాయి. ఆ నీళ్లు ఘాటువి కావని ఆయనకి తెలుసు.

బస్సు దిగి ఇంటికి పోలేదు. తిన్నగా నసీమున్నీసా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. నింద నీ మీద పడుతుంటే కాసేపు చూస్తూ నిలబడ్డా. అది ఇంకా పెద్ద తప్పు."

ఆమె తలుపు పూర్తిగా తీసింది. "పుస్తకం దొరికిందా అన్నా?"

"దొరికింది."

"మీ అబ్బాయి కూడా తప్పయిందని అనాలి. అప్పుడొస్తా."

మర్నాడు పొద్దున్నే కోటేష్ ఆమె ఇంటికి వెళ్లి, తలొంచుకుని తప్పయిందని చెప్పి, ఆమెని తీసుకొచ్చాడు. కల్లంలో మళ్లీ గుండ్రంగా కూర్చున్నారు. శ్రీదుర్గ ఒక్కొక్కళ్లనే అడుగుతూ వచ్చి మామగారి దగ్గర ఆగింది. అడగొచ్చో లేదో తెలియక సందేహించింది.

"నలభై మూడో పేజీ దాకా వచ్చా" అన్నాడు రామాంజనేయులు తనే. "మీరు చెప్పుకున్నది చెవిన పడినా, చదువుతుంటే వేరేగా ఉంది. అయిపోయేదాకా ఎవరూ ముందు సంగతి చెప్పమాకండి."

"మేం నూట ఇరవై కాడున్నాం. నీ కోసం ఆగాలా?" అంది నసీమున్నీసా.

"ఆగండి."

"సరేలే, నీ బడి సంగతి నాకూ చెప్పారు. ముప్ఫై ఏళ్లు ఆగినోడివి నువ్వు. మేం నాలుగు రోజులు ఆగలేమా?"

రామాంజనేయులు ఖాళీ గోతం ఒకటి లాక్కుని వాళ్ల మధ్య చతికిలబడ్డాడు. దోసెడు కాయ ముందుకి లాక్కుని తాలు ఏరుతూ అడిగాడు.

"ఇంతకీ ఆ వంకాయ మందు పేరేంటో తెలిసిందా?"